హాలాంగ్‌లో రాజమౌళి సేటు ఏం తిన్నాడు

మేము వియత్నాం వెళ్ళొచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ నన్ను ఎవరు అడిగినా హాలాంగ్ అఖాతం గురించే చెప్పాను. పచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి గుట్టలు, లెక్కకు అందనన్ని, వాటి మధ్య గోధుమరంగు తెరచాపల పడవలు. అదంతా నిజమే. కానీ మా వరంగల్ మట్టెవాడలో తిరుగుతున్న కథ వేరు. రాజమౌళి సేటు సముద్రం దాటిపోయి నీసు తిన్నాడని చాయ్ దుకాణాల్లో చెప్పుకుని నవ్వుతున్నారు. తిన్న మాట నిజం. ఎట్లా తిన్నాడు, ఎవరి మాట నమ్మి తిన్నాడు అన్నది మాత్రం ఆ కథలో లేదు. అది చెప్పాల్సినవాణ్ణి నేనే కాబట్టి ఆ దారంతా మొదటినుంచీ రాస్తున్నాను. హాలాంగ్ చూడని వాళ్ళకు హాలాంగ్ కూడా ఇందులోనే ఉంది.

నేను హన్మకొండలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భూగోళం చెప్పే పంతులిని. సున్నపురాయి వాననీటికి ఎట్లా కరుగుతుందో, గుహలు ఎట్లా ఏర్పడతాయో బల్లమీద బొమ్మలు వేసి ఏళ్ళ తరబడి చెప్పాను. ఒక్కనాడూ చూడలేదు. రాజమౌళి మట్టెవాడలో జంపఖానాల వ్యాపారి, నా ఈడువాడే. వియత్నాంలో యుద్ధం నడిచే రోజుల్లో మా ఊరి మిత్రమండలి వాళ్ళు బట్టలు పోగుచేస్తుంటే మారు మాట్లాడకుండా ఒక బండెడు జంపఖానాలు ఎత్తించినవాడు. అది గుర్తుపెట్టుకుని, ఇన్నేళ్ళకు రాష్ట్రం నుంచి స్నేహబృందం బయల్దేరితే మండలి వాళ్ళు అతని పేరు కూడా చేర్చారు. "నా జంపఖానలు ఏడ పరిచిండ్రో జర చూసొస్త సారూ," అని బయల్దేరాడు. మా ఊరినుంచి మూడో మనిషి హన్మకొండ వకీలు ఒకాయన. మిగతా వాళ్ళంతా హైదరాబాదు వాళ్ళు.

రాజమౌళి ఇంట్లో నీసు గడప దాటదు. చేప, గుడ్డు, మాంసం, ఏదైనా అతనికి నీసే. అట్లాంటి ఇళ్ళు మా బజారులో చాలా ఉన్నాయి. రాజమౌళిది అంతకంటే ఒక మెట్టు ఎక్కువ. ఏటా కార్తీక పున్నమికి గల్లీ మొత్తానికి అన్నం పెడతాడు. వంటవాళ్ళను పెట్టడు. తెల్లారకముందే స్నానం చేసి తడిబట్టతో పొయ్యి ముట్టించి, పప్పూ పులిహోరా తన చేత్తోనే వండుతాడు. ఏడాదంతా ఎవరింట్లోనూ మెతుకు ముట్టని మడి ముసలమ్మలు కూడా ఆ రోజు అతని ముందు విస్తరి వేసుకుని కూర్చుంటారు. అతనికి ఉన్న గౌరవమంతా ఆ గరిటెలోనే ఉంది.

బయల్దేరేముందు అతని భార్య నన్ను ఇంటికి పిలిపించింది. "అన్నా, ఈనకు ఇంగ్లీషు రాదు. ఏం తింటాండో నువ్వే అర్సుకోవాలె," అన్నది. "నాది పూచీ చెల్లె," అన్నాను.

హనోయి

రాజమౌళి పెట్టెలో బట్టలకంటే తిండి ఎక్కువ. మామిడికాయ తొక్కు, పల్లీల పొడి, అటుకులు, మురుకులు. విమానం దిగి సామాను అందుకునేసరికి తొక్కు సీసా పగిలి ఉంది. నూనె పొడిలోకీ, అటుకుల్లోకీ, ధోవతుల్లోకీ గాజుపెంకులతో సహా ఇంకిపోయింది. బసలో ఆ పెట్టె ముందు కూర్చుని చాలాసేపు పెంకులు ఏరాడు. చివరికి అంతా మూటకట్టి అవతల పెట్టాడు.

"ఇగ దేవుడే దిక్కు సారూ."

"దేవుడెందుకు, నేనున్న గద," అన్నాను.

హనోయి సైకిళ్ళ ఊరు. హారన్ల మోత లేదు, గంటల గలగలే. ఒక సైకిలు మీద మొగుడూ పెళ్ళాం బిడ్డా, ఇంకో సైకిలు మీద అడ్డంగా కట్టిన బతికున్న పంది. బియ్యం, కిరోసిన్, బట్ట అన్నీ కూపన్ల మీదే. ఒక దుకాణం ముందు మనుషులు లేరు గానీ ఇటుకలు బారుగా పేర్చి ఉన్నాయి. ఇటుక ఇటుకకూ ఒక పేరు రాసి ఉంది. లైన్లో తమ బదులు ఇటుకను నిలబెట్టి పనికి పోతారట. తిరిగొచ్చి ఎవరి ఇటుక దగ్గర వాళ్ళు నిలబడతారు. ఎవరూ కాదనరు. ఈ సంగతి చెప్పింది లాన్. మా బృందానికి దుబాసీగా వచ్చిన ముప్పై ఏళ్ళ మనిషి, ఇంగ్లీషు చదువుకున్నది.

నేను తెలుగులో చెప్పగానే రాజమౌళి పడి పడి నవ్వాడు. "మన దగ్గర గిట్ల పెడితె పొద్దుమీకె వరకు ఆ ఇటుకలతోని ఎవడో ఒగడు అర్ర కట్టుకుంటడు," అన్నాడు. లాన్‌కు ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆమె కూడా నవ్వి, తన ఇటుకను ఒకసారి ఎవరో ఎత్తుకుపోయారని ఒప్పుకున్నది.

వీధి పక్క చిన్న పీటల మీద కూర్చుని పాలు లేని చాయ్ తాగుతారు. దాంతో పాటు కొరుక్కోవడానికి అచ్చం మన పల్లీపట్టి. రెండూ కలిపి మన చారాణా కూడా పడదు. రాజమౌళి మొదటి రెండు రోజులు ఆ పల్లీపట్టి మీదే బతికాడు. పెట్టిన ప్రతి భోజనంలో ఏదో ఒక మాంసం ముక్క కనబడేది. ఉత్త అన్నం ముందు పెట్టుకుని రెండు ముద్దలు మింగి లేచేవాడు. మెట్లు ఎక్కుతూ ఒకసారి కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. నాకు భయం వేసింది.

ఆ మధ్యాహ్నం లాన్‌తో చెప్పి అతనికి వేరే వడ్డించమన్నాను. అన్నం, ఉడికించిన ఆకుకూర, సోయాపాలు విరగ్గొట్టి చేసిన తెల్లటి ముక్కలు వచ్చాయి. పక్కన చిన్న గిన్నెలో పలుచటి ఎర్రరసం. అందులో నిమ్మకాయ, వెల్లుల్లి, మిరపకాయ ముక్కలు. అన్నంలోకీ కూరలోకీ అదే. ఇందులో మాంసం ఉందా అని లాన్‌ను అడిగాను. లేదన్నది. ఇంకా ఏదో చెప్పబోయింది. నేను చాలన్నాను. రంగు చూస్తే చింతపండు చారే. ఇంకేం కావాలి!

"తిను సేటూ, మన చింతపండు పులుసు అసుంటిదే."

"ఏందో వాసనొస్తాంది సారూ."

"ఊరంతా గదే వాసన. సముద్రం దేశం గద!"

అన్నం కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తర్వాత మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను నా తెలివికి మురిసిపోతూ వకీలు వైపు చూశాను. ఆయన నా వైపు చూసి ఎందుకో చిన్నగా నవ్వాడు.

హైఫాంగ్

హనోయి నుంచి హైఫాంగ్ రేవుకు పోయే దారి పొడుగునా వరిపొలాలు. ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తుంటే హసన్‌పర్తి చెరువు కింద పొలాలు చూస్తున్నట్టే ఉంది, ఆ కోసుగా ఉండే ఆకుల టోపీలు తీసేస్తే. తేడా ఏమిటంటే పొలం నడిమధ్యలో సమాధులు. పెద్దవాళ్ళను వాళ్ళు దున్నిన మళ్ళలోనే పెట్టుకుంటారు. నాగలి చుట్టూ తిప్పుకుని పోతారు. అక్కడక్కడ గుండ్రటి మడుగులు, వాటిలో బాతులు. ఎవరు తవ్వారీ చిన్న చిన్న చెరువులు అని అడిగితే లాన్ ఆకాశం వైపు వేలు చూపింది. బాంబులు పడ్డ గుంతలట. బాంబుగుంతలో బాతుల్ని పెంచుకునే మనుషుల్ని ఎవరు ఓడించగలరు అనిపించింది.

హైఫాంగ్ బసలో వేడినీళ్ళకోసం వంటగదికి వెళ్ళాను. కిటికీ అరుగు మీద ఎర్రరసం సీసాలు వరసగా ఉన్నాయి. ప్రతి సీసా మీద అంటించిన కాగితం. కాగితం మీద నీలంరంగు చేప.

లాన్‌ను పక్కకు పిలిచి అడిగాను. ఆమె మామూలుగానే చెప్పింది. "చేపల రసం. చిన్నచేపల్లో ఉప్పు వేసి నెలల తరబడి మాగబెడతారు. హనోయిలోనే చెప్పబోయాను కదా, మీరు వినలేదు."

"మాంసం లేదన్నావు."

"లేదు కదా. చేప మాంసం ఎట్లా అవుతుంది?"

ఆమె ముఖంలో దొంగతనం ఏమీ లేదు. వాళ్ళింట్లో చేప వేరు, మాంసం వేరు. తప్పు ప్రశ్న అడిగింది నేను. రాజమౌళి తరఫున అడుగుతూ నా ఇంటి లెక్కతో అడిగాను. మాంసం తినేవాణ్ణి, నాకు ఆ గీత ఎక్కడుందో ఏనాడూ పట్టలేదు.

ఇంతవరకు జరిగింది పొరపాటు. ఇక ముందుది పొరపాటు కాదు. చెప్పేస్తే మళ్ళీ పస్తులుంటాడు, పరాయి దేశంలో పడిపోతే ఎవరిని పట్టుకోవాలి అనుకున్నాను. తెలియక తిన్నదానికి పాపం అంటదు కదా అని కూడా అనుకున్నాను. చెప్తారా అని లాన్ అడిగితే సమయం చూసి చెప్తానన్నాను. ఆ పూట భోజనాల దగ్గర రాజమౌళి హుషారుగానే ఉన్నాడు. గిన్నె చేతిలోకి తీసుకుని, ఒంపబోయి ఆగాడు.

"సారూ, ఇది చింతపండే గద?"

"చింతపండే," అన్నాను.

నా ముఖంలోకి ఒక క్షణం చూసి అన్నం మీద ఒంపుకున్నాడు.

జాడీల దీవి

హైఫాంగ్ నుంచి హాలాంగ్‌కు పడవలో పోతూ మధ్యలో కాట్‌హాయి అనే దీవి దగ్గర ఆపారు. ఒక సహకార పరిశ్రమ చూపిస్తామన్నారు. ఏ పరిశ్రమో అడగాలని నాకు తోచలేదు. పడవ ఒడ్డుకు చేరకముందే గాలి చెప్పింది.

"సేటూ, ఎండ ముదిరింది. నువ్వు పడవలనే కూసోరాదు?"

"గింత దూరమొచ్చి పడవల కూసుంటనా? నువ్వు భలే మాట్లాడ్తవు."

పెద్ద ఆవరణ. బారులు తీరిన జాడీలు, మనిషి ఎత్తు తొట్లు. ఒక్కో జాడీకి గడ్డితో అల్లిన మూత, టోపీ పెట్టినట్టు. ఎండ కాస్తే మూతలు తీసి కలియబెడతారు, మబ్బు పడితే పరుగెత్తి మూస్తారు. ఆ పరిశ్రమకు పెద్ద ఒక నడివయసు ఆడమనిషి. యుద్ధంలో విమానాలు వస్తుంటే పిల్లల్ని ఒక గుంతలో, జాడీల్ని ఇంకో గుంతలో దాచామని చెప్పింది. దేశమంతా అన్నం తినాలంటే ఈ రసం ఉండాలి అన్నప్పుడు ఆమె గొంతులో గర్వం చూడాలి. అందరికంటే పాతదైన తొట్టి దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయి, అడుగునుంచి రసం పట్టి, చిన్న గిన్నెల్లో పోసి ఒక్కొక్కరికీ తానే అందించింది.

రాజమౌళి గిన్నె అందుకోలేదు. ముందు తొట్టిలోకి వంగి చూశాడు. రసం కింద ఉప్పుతో కలిసిపోయిన చిన్నచిన్న తలలు, తెల్లటి కళ్ళు. ఆమె గిన్నె చాచే ఉంది. అతను రెండు చేతులా తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ రెండు చేతులా ఆమెకు తిరిగిచ్చి దండం పెట్టాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు గానీ చిన్నబుచ్చుకోలేదు. అంత మర్యాదగా ఇచ్చాడు.

తర్వాత నావైపు తిరిగాడు.

"ఇదేనా సారూ?"

"ఇదే."

"నీకెప్పటిసంది ఎరుక?"

"నిన్నటిసంది."

"నిన్నటిసంది," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నేరుగా ఒడ్డుకు పోయి సముద్రపు నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించాడు. మళ్ళీ పోసుకున్నాడు. ఆ ఉప్పునీటికి వాంతి వచ్చింది.

వకీలు గట్టు మీదనుంచి నవ్వాడు. "ఏంది సేటూ, కడుపులకు పోయినంక నోరు కడిగితె ఏమొస్తది? మంచిగ గుటకలేస్తాంటివి గద నిన్న."

"వకీల్ సాబ్, జర నోరు మూసుకోండ్రి," అన్నాను.

గుట్టల మధ్య

అక్కడినుంచి మమ్మల్ని ఒక పెద్ద చెక్కపడవలోకి మార్చారు. చేపలు పట్టేవాళ్ళ పడవ, తెరచాపలు ఏదో దుంప రసంలో ఉడికించి రంగు వేసినవి, మన పాన్‌లో వేసే కాచు ముదురు రంగు. పడవ నడిపేది ఒక బక్కపలుచటి మనిషి. వండిపెట్టేది అతని తల్లి. వాళ్ళ ఇల్లూ వాకిలీ ఆ పడవే.

ఒక మలుపు తిరిగాం. ఇక గుట్టలే గుట్టలు. మా వరంగల్ రాళ్ళు గుండ్రాళ్ళు, ఎవరో దొర్లించి వదిలినట్టు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఇవి కూర్చోవు. నీళ్ళలోంచి గోడల్లా లేచి నిలబడ్డాయి. బీటల్లోంచి చెట్లు మొలిచి పక్కకు వేలాడుతున్నాయి. నీటి మట్టం దగ్గర రాయి లోపలికి తినేసి ఉంది, ఎవరో చుట్టూ కొరికినట్టు. ముందున్న గుట్ట ముదురాకుపచ్చ, దాని వెనకది నీలం, ఆ వెనకది బూడిద, ఆ వెనకది ఉందో లేదో చెప్పలేం. ఒక డ్రాగన్ ఆకాశం నుంచి దిగి వచ్చి, శత్రువుల నావల మీద ముత్యాలు ఉమ్మితే అవే గుట్టలయ్యాయని వాళ్ళ కథ. ఎదురెదురుగా కోళ్ళలా నిలబడ్డ రెండు రాళ్ళు చూపించారు. ఎటు తిరిగినా నాకు పాఠ్యపుస్తకం బొమ్మలే కనిపిస్తున్నాయి. హైదరాబాదు వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని, సముద్రం అడుగున గవ్వలూ గుల్లలూ పేరుకుని ఈ రాయి ఎట్లా అయిందో, వాన దాన్ని ఎట్లా కోస్తుందో మొత్తం పాఠం చెప్పాను. బాగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను.

రాజమౌళి పడవ వెనక కొసన కూర్చున్నాడు. పాఠం వినడానికి రాలేదు. నేను అరటిపండు తీసుకుపోయి ఇస్తే వద్దని తల తిప్పాడు. కాసేపటికి లాన్ అదే పండు ఇస్తే తీసుకుని తిన్నాడు.

గుహ ఒకటి చూపించారు. మెట్లెక్కి లోపలికి పోతే మన వేయిస్తంభాల గుడి మండపం నాలుగు పట్టేంత చోటు. పైనుంచి వేలాడే రాళ్ళు, కిందినుంచి వాటిని అందుకోబోయే రాళ్ళు. పైనుంచి ఒక చుక్క నా మణికట్టు మీద పడింది. ఆ చుక్కలోనే సున్నం ఉంటుంది, అదే ఈ స్తంభాలు కడుతుంది అని ఎన్ని తరగతులకు చెప్పి ఉంటాను! నా చేతిమీద పడ్డ చుక్కను తుడుచుకోలేదు. పక్కకు తిరిగి "చూసినవా సేటూ" అన్నాను. పక్కన వకీలు ఉన్నాడు.

రాతి సున్నం

తిరిగి పడవెక్కేసరికి ముసలమ్మ తన పని ముగించుకుని తమలపాకుల పెట్టె తెరిచింది. ఆ దేశపు పాతకాలం ఆడవాళ్ళకు పళ్ళు నల్లగా మెరుస్తూ ఉంటాయి. చిన్నప్పుడే రంగు పట్టిస్తారట, తెల్లటి పళ్ళు కుక్కలకు ఉంటాయని వాళ్ళ లెక్క. ఆకు, వక్క, సున్నం, అంతా మన పద్ధతే. రాజమౌళి పాన్ లేకుండా ఉండలేని మనిషి, వెంట తెచ్చుకున్న ఆకులు ఎప్పుడో వాడిపోయాయి. ముసలమ్మ అతని చూపు కనిపెట్టి, ఆకుకు సున్నం రాసి చాచింది.

అతను చెయ్యి చాచబోయి ఆగాడు. సున్నం వైపు వేలు చూపాడు. పడవ పక్కకు అంటుకున్న గుల్లల్ని చూపాడు. తర్వాత ఎదురుగా ఉన్న గుట్టను చూపాడు. గుల్లలు కాల్చిన సున్నమా, రాయి కాల్చిన సున్నమా అని అడుగుతున్నాడు. గుల్లదైతే అదీ ఒక ప్రాణి ఒంటిదే కదా.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. లాన్ నా పక్కనే ఉంది. అడిగి తెలుసుకుని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అతను నావైపు చూడలేదు. తన ప్రశ్న తానే వేళ్ళతో అడిగాడు.

ముసలమ్మ కళ్ళు చిట్లించి చూసింది. గుల్లల్ని చూసి కాదని చెయ్యి ఊపింది. గుట్టను చూపి, మంట రాజుకున్నట్టు వేళ్ళు ఆడించి, సున్నపు డబ్బా మీద తట్టింది. రాజమౌళి ఇంకోసారి గుట్టను చూపాడు. ఆమె ఇంకోసారి తట్టింది. ఇద్దరూ నవ్వారు. ఆకు మడిచి బుగ్గన పెట్టుకుని, చుట్టూ ఉన్న గుట్టలను తాపీగా చూశాడు.

"గిన్ని సున్నం గుట్టలు! ఎన్ని పాన్లకొస్తది ఇది," అన్నాడు.

కాట్‌హాయి తర్వాత అతని నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే. లాన్ ఏమన్నాడని అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆమె వాళ్ళ భాషలో ముసలమ్మకు చెప్పింది. ముసలమ్మ నోరంతా తెరిచి నవ్వింది. రాజమౌళి నన్ను వద్దనలేదు.

పున్నమి

ఆ రోజు వాళ్ళకు పున్నమి పండుగ. పొద్దు వాలేసరికి చిన్నచిన్న పడవల మీద పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకుని తిరుగుతున్నారు, నక్షత్రాల్లాంటివి, చేపల్లాంటివి. గుట్టల నీడల్లో ఆ దీపాలు కదులుతుంటే మన బతుకమ్మలను చెరువులో వదిలినట్టుంది. అటువైపు హోంగాయ్ ఊళ్ళో బొగ్గుగనుల నల్లటి దుమ్ము, ఇటువైపు ఈ వెలుగు.

మాకు రొయ్యలూ ఎండ్రకాయలూ వడ్డించారు. ముసలమ్మ మాతో కూర్చోలేదు. పడవ ముందు కొసన చెక్క ఎత్తి, గుడ్డలో చుట్టి పెట్టుకున్న ఒక చిన్న కుండా గిన్నే గరిటే తీసింది. చేపల కుండలు ఇటువైపు, అది అటువైపు. చేతులు బూడిదతో రుద్ది కడుక్కున్నది. పున్నమికీ నెల మొదటి రోజుకూ ఆమె నీసు ముట్టదట. ఇవన్నీ పాత నమ్మకాలని పార్టీవాళ్ళు నచ్చజెప్పారట, కొడుకు ఎగతాళి చేశాడట. పట్టించుకోలేదట. లాన్ ఇదంతా గొంతు తగ్గించి చెప్పింది, తన తల్లి కూడా అంతేనని కలిపింది.

రాజమౌళి ఆ గుడ్డ విప్పడం నుంచీ కన్నార్పకుండా చూస్తున్నాడు. ఇంతలో కొడుకు రొయ్యలు వడ్డించిన గరిటెతోనే తల్లి కుండలో అన్నం తీసుకోబోయాడు. ముసలమ్మ అతని చేతిమీద ఫట్టున ఒకటి కొట్టి తిట్టింది. ఆ తిట్టు ఏమిటో లాన్ చెప్పనవసరం లేకపోయింది. మా బజారులో ప్రతి ఇంట్లో విన్నదే. రాజమౌళి గట్టిగా నవ్వేశాడు.

ఆమె అతన్ని చూసింది. ఇంకో గిన్నె తీసి, అన్నం పెట్టి, పైన ఏదో పొడి చల్లి ముందుకు జరిపింది. అతను నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"నువ్వుల పొడి సారూ!" అన్నాడు. నాతోనే అన్నాడు. "నువ్వులు, పల్లీలు ఏంచి నూరి ఉప్పేసింది. జరంత శక్కెర గూడ."

కుండ ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ తిన్నారు. ఆమె వాళ్ళ భాషలో ఏదో చెప్తూ పెట్టింది, అతను తెలుగులో ఏదో చెప్తూ పెట్టించుకున్నాడు. ఇదే అదననుకుని నా కంచం తీసుకుని అటు జరగబోయాను. రాజమౌళి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వటే కూసో. నీది నీసు చెయ్యి," అన్నాడు. నవ్వుతూ అన్నాడో నవ్వకుండా అన్నాడో ఆ వెలుతురులో తెలియలేదు.

మర్నాడు దిగేటప్పుడు ముసలమ్మ ఆ పొడి అరటాకులో కట్టి అతని చేతికిచ్చింది. తిరుగు ప్రయాణమంతా అదే అతని తిండి.

మట్టెవాడ

వచ్చాక మిత్రమండలి సభ పెట్టింది. నేను హాలాంగ్ గురించి మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. తర్వాత వకీలు లేచి, సేటు గుటకలేసిన కథ అభినయంతో సహా చెప్పాడు. జనం విరగబడి నవ్వారు. వేదికమీద కూర్చుని నేనూ నవ్వాను. సముద్రం అవతల చేసిన తప్పుకంటే ఆ నవ్వు నన్ను ఎక్కువ కాల్చింది, అదీ ఇంటికి పోయాక. రాజమౌళి ముందువరసలో కూర్చుని ఉన్నాడు. చింతపండు అని నాకు చెప్పింది ఈ సారే అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఆ తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు. కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగొచ్చాడు. అయ్యగారు ఇక దోషం లేదన్నాడు.

అయినా కార్తీక పున్నమికి అతను గరిటె పట్టలేదు. వేరే వంటమనిషిని పెట్టి తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గల్లీవాళ్ళు తిన్నారు, గుసగుసలాడారు. అతని భార్య నా విస్తట్లో పప్పు వేస్తూ "పూచీ అంటివి గదన్నా," అన్నది. అంతే అన్నది.

అందుకే ఇది రాశాను. అచ్చుకు ఇచ్చేముందు అతని దుకాణానికి పోయి, జంపఖానాల దొంతర మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. గజంకట్టె ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"మంచిగ రాసినవ్. ఒక్కకాడ తప్పున్నది," అన్నాడు.

"ఏడ?"

"హైఫాంగ్ కాడ. చింతపండే గద అని అడిగిన జూడు. తెల్వకడిగిననని రాసినవ్."

"తెల్వకనే గద అడిగింది?"

"నీళ్లకు నువ్వొక్కనివే పోయినవా ఆ వంటింట్లకు? నీకంటె ముందు నేను పోయిన. చేప బొమ్మ సూడనీకి ఇంగ్లీషు రావాల్నా సారూ?"

నేను చేతిలో కాగితాలు వెనక్కి తిప్పి హైఫాంగ్ పేజీ తీశాను.

"ఆకలి. ఇగ ఓపిక లేదు. నేను అడిగితె నువ్వు చింతపండే అంటవని ఎరుక. అనిపిచ్చుకున్న, తిన్న. తప్పు నీ మీదికి దొబ్బి కడుపు నింపుకున్న. ఆ దీవిల తలకాయలు కండ్లబడ్డంక గూడ నిన్నే నిలదీసిన. పడవల నీ మొఖం సూడబుద్ధి గాలే, నీ మీది కోపంతోని గాదు." కట్టె పక్కన పెట్టాడు. "తెల్వక తిన్నోనికైతే గోదారి సాలు. గరిటె పట్టబోతె నా చెయ్యే లేవలే."

"మరి వచ్చే కార్తీకం?"

"అప్పటి సంగతి అప్పుడు. ముందు ఇది రాయి. తప్పంత నువ్వే మోసుకపోతె ఎట్ల? సగం నాది."

ఇంటికి పోయి రాస్తానన్నాను. అప్పుడే బేరానికి ఎవరో వచ్చారు. వాళ్ళను జర ఆగమని చెప్పి, గల్లాపెట్టె నా ముందుకు జరిపాడు.

"ఈడనే రాయి. ఇంటికి పోతె నా తప్పు తగ్గిచ్చి రాస్తవ్."

ఈ చివరి మాటలు ఆ పెట్టె మీదే రాశాను. రాసేదాకా నిలబడి చూశాడు.